మిరప కల్లం నుండి ప్రాగ్ దాకా

2024లో ఈస్టరు మార్చి 31న వచ్చింది. తెల్లవారుజాము ఆరాధన ముగించుకొని, ఎండ ముదరక ముందే మేమిద్దరం గుంటూరు నుండి మా తమ్ముడి ఊరికి బయలుదేరాము. చిలకలూరిపేట మీదుగా పెద్దరోడ్డున పోతే త్వరగానే చేరవచ్చు. అయినా మేము ఎప్పుడూ పెదనందిపాడు మీదుగా పర్చూరు వైపు పోయే పాత దారినే పోతాము. ఆ దారిలో బస్సు ఊరూరా ఆగుతుంది, కిటికీలో నుండి చేలు కనబడతాయి. ముప్పై ఏళ్ళు బడిలో లెక్కలు, సైన్సు చెప్పి విశ్రాంతి పుచ్చుకున్నవాళ్ళకు ఇక తొందరేమున్నది?

మార్చి ఆఖరుకు ఆ నల్లరేగడి నేల నెర్రెలు విచ్చి ఉంటుంది. పత్తి తీతలు అయిపోయాయి. పీకిన పత్తికట్టె మోపులు గట్ల మీద, ఇళ్ళ వెనుక, పొయ్యిలోకి పోయే రోజు కోసం ఎదురుచూస్తున్నాయి. మిరప మాత్రం ఇంకా నడుస్తూనే ఉన్నది. ఎక్కడ కాస్త చదునైన జాగా దొరికితే అక్కడ కల్లం, కల్లం నిండా ఎర్రని కాయ. తలగుడ్డలు చుట్టుకున్న ఆడకూలీలు వరుసగా కూర్చొని తాలు కాయలు ఏరి పక్కన పోస్తున్నారు. బస్సులో ఎవరు తుమ్మితే వాళ్ళు ఈ ప్రాంతానికి కొత్తవారని తెలిసిపోతుంది. మేము ఈ ప్రాంతం వాళ్ళమే గాని మేము కూడా తుమ్మాము!

మా తమ్ముడి ఊరు పర్చూరుకు కాస్త అవతల. మా చిన్నప్పుడు అది గుంటూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా, తరువాత ప్రకాశం జిల్లా అయింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు బాపట్ల జిల్లా అయింది. ఊరు ఉన్నచోటనే ఉన్నది, మేము రాసే ఉత్తరాల మీద జిల్లా పేరే మారుతూ వచ్చింది.

మా తమ్ముడికి సొంతం రెండెకరాలు, కౌలు మూడు. 2021–22లో నల్ల తామర పురుగు వచ్చి పూత మొత్తం రాలగొట్టినప్పుడు చాలామంది మిరప తోటలు పీకేశారు, వాళ్ళలో తానూ ఒకడు. ఆ మరుసటి ఏడు ధర బాగా పలికి అప్పు చాలావరకు తీరింది. ఈ ఏడు పంట వచ్చింది గాని నిరుటి ధర లేదు. అందుకని కొన్ని టిక్కీలు గుంటూరు కోల్డు స్టోరేజీలో పెట్టాడు. మిరపకాయ బస్తాను యార్డులో టిక్కీ అంటారని ఈ జిల్లాల బయటి పాఠకుల కోసం చెబుతున్నాము.

మేము వెళ్ళింది పంట చూడడానికి కాదు. మా తమ్ముడి కూతురు హైదరాబాదులో భౌతికశాస్త్రంలో పరిశోధన చేస్తూ పండుగకు ఇంటికి వచ్చింది. ఆ అమ్మాయిని చూడడానికి వెళ్ళాము. ఫోనులో మా మరదలు గొంతు కాస్త దిగులుగా వినిపించింది. "అదేదో దేశం పోయి అందరి ముందర మాట్లాడాలంట అక్కయ్యా. డబ్బులు మనమే ముందు పెట్టుకోవాలంట. పెళ్ళి మాట ఎత్తితే వింటల్లేదు. మీరొచ్చి కనుక్కోండి" అన్నది.

భోజనాలయ్యాక వేపచెట్టు కింద మంచాలు వేసుకొని కూర్చున్నాము. మా తమ్ముడు నేరుగా అడిగాడు. "ఏడేళ్ళ నుంచి చదువుతున్నావు. ఇంతకీ నువ్వు చేసేదేందో మీ పెదనాన్నకన్నా అర్థమయ్యేట్టు చెప్పమ్మా. ఆయనకు తెలిస్తే నాకు చెప్తాడు."

ఆ అమ్మాయి కాసేపు కల్లం వైపు చూసి మొదలుపెట్టింది. "నాన్నా, నువ్వు ఇక్కడ వెయ్యి టిక్కీల తేజా కాయ లారీకి ఎక్కించావనుకో. ముద్ర వేశావు, లెక్క రాసుకున్నావు. దారిలో ఎవరూ ముట్టుకోలేదు. బొంబాయిలో దించి చూస్తే అందులో కొన్ని టిక్కీలు బ్యాడిగి కాయ అయి ఉన్నాయి. ఏమంటావు?"

"లారీ డ్రైవరును పట్టుకుంటా" అన్నాడు మా తమ్ముడు.

"డ్రైవరు తప్పేమీ లేదు. కాయే మారింది. న్యూట్రినో అనే కణం అట్లాంటిది. మూడు రకాలు. ఒక రకంగా బయలుదేరి దారిలో ఇంకో రకం అవుతుంది. అమెరికాలో చికాగో దగ్గర ఫెర్మీల్యాబ్ అనే చోట వాటిని పుట్టించి భూమిలో గుండా పంపిస్తారు. 810 కిలోమీటర్ల అవతల, మిన్నెసోటాలో ఆష్ రివర్ అనే చోట పట్టుకుంటారు. ఇక్కడి నుంచి ఇంచుమించు బొంబాయి అంత దూరం."

"అంత దూరం సొరంగం తవ్వారా?" అని మా మరదలు ఆశ్చర్యపోయింది.

సొరంగమేమీ లేదట. న్యూట్రినోకు రాయీ మన్నూ అడ్డు కాదు. సూర్యుని నుండి వచ్చేవి మన ఒళ్ళో నుండి క్షణక్షణమూ కోట్లకొద్దీ పోతూనే ఉంటాయి, మనకు తెలియదు. ఆ 810 కిలోమీటర్లు పోవడానికి సెకనులో వెయ్యోవంతులు మూడు కూడా పట్టదు. పట్టుకోవడమే కష్టం. అందుకని ఆష్ రివర్‌లో 14,000 టన్నుల బరువైన యంత్రం కట్టారు. యంత్రమంటే ప్లాస్టిక్ గొట్టాల వరుసలు, వాటి నిండా ఒక రకమైన నూనె. ఎప్పుడో ఒక న్యూట్రినో ఆ నూనెలో దేనికైనా తగిలితే చిన్న మెరుపు వస్తుంది. ఆ మెరుపు ఆకారాన్ని బట్టి వచ్చినది ఏ రకమో తేల్చాలి. ఈ ప్రయోగానికి నోవా అని పేరు. 2014 నుండి లెక్క నడుస్తున్నది. హైదరాబాదు విశ్వవిద్యాలయం, హైదరాబాదు ఐఐటీ వంటి మన సంస్థలు కూడా అందులో ఉన్నాయి.

"పదేళ్ళలో ఎన్ని మారినయ్యో లెక్క తేలిందా?" అని మా తమ్ముడు అడిగాడు. రైతు గనుక ముందు దిగుబడి అడిగాడు.

"తేలింది. కాని జూన్ దాకా చెప్పకూడదు."

"నాక్కూడానా?"

"నీక్కూడా."

ఆయన ముఖం చిన్నబోయింది. మాకు మాత్రం ఆ మాట ముచ్చటగా తోచింది. వందలమంది కలిసి చేసిన పని గనుక, అందరూ సరే అన్న తరువాత, ఒక తేదీన, ఒక సభలో చెబుతారట. అంతవరకు తండ్రికైనా చెప్పరాదు.

"అయితే ఆ సభకు పోయేదేందుకు? కాయితం మీద రాసి పోస్టులో పంపితే సరిపోదా? ఇప్పుడన్నీ ఫోనులోనే పోతున్నయ్యి గదా" అన్నాడు మా తమ్ముడు.

ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి మాకు గుంటూరే గుర్తుకు వచ్చింది. 1868 ఆగస్టు 18న ఈ నేల మీద సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. దానిని చూడడానికి ఫ్రాన్సు నుండి జాన్సెన్ అనే శాస్త్రవేత్త ఓడెక్కి మద్రాసు వచ్చి, అక్కడి నుండి గుంటూరు చేరాడు. గుంటూరులో వ్యాపారం చేసుకొంటున్న లెఫోషే అనే ఫ్రెంచి వర్తకుడు తన మేడ పైభాగం ఆయనకు ఇచ్చాడు. ఆంగ్లేయుల తరపున మేజర్ టెనెంట్ కూడా ఆ రోజు గుంటూరులోనే తన పరికరాలు పెట్టుకున్నాడు. సూర్యుడు పూర్తిగా మూసుకుపోయింది ఐదు నిమిషాల పైచిలుకు మాత్రమే. సూర్యుని అంచున లేచే ఎర్రని జ్వాలల వెలుగును జాన్సెన్ పట్టకం గుండా చూశాడు. ఆ గీతలు ఎంత కాంతిగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడవచ్చు గదా అని ఆయనకు తోచింది. మర్నాడు పొద్దున గ్రహణమేమీ లేని మామూలు సూర్యుని మీద ప్రయత్నించాడు. కనబడ్డాయి. అంతవరకు ఆ జ్వాలలను చూడాలంటే గ్రహణం కోసం ఏళ్ళ తరబడి కాచుకోవలసి వచ్చేది.

ఇంత పెద్ద సంగతి ఆయన తన దేశపు పండితులకు చెప్పాలి. సెప్టెంబరు 19 తేదీతో కాకినాడ నుండి ఉత్తరం రాశాడు. ఓడలో పోవలసిన ఉత్తరం. ఈలోగా అక్టోబరు 20న ఇంగ్లండులో లాకియర్ అనే ఆయన తన ఇంట్లో కూర్చొనే, గ్రహణం లేకుండానే, అవే జ్వాలలను చూశాడు. ప్యారిస్ అకాడమీలో ఇద్దరి ఉత్తరాలూ ఒకే రోజున, అక్టోబరు 26న, సభ ముందుకు వచ్చాయి. గుంటూరులో రెండు నెలల ముందు చూసినవాడు, లండనులో ఆరు రోజుల ముందు చూసినవాడు అక్కడ సరిసమానమయ్యారు. అకాడమీ వారు పెద్దమనసుతో ఇద్దరికీ కీర్తి పంచారు. 1872లో ఇద్దరి ముఖాలూ ఉన్న పతకం కూడా వేయించారు.

గుంటూరులో హీలియం కనుగొన్నారని మనవాళ్ళు సభల్లో చెప్పుకుంటూ ఉంటారు. మేము కూడా బడిలో చాలా ఏళ్ళు అట్లాగే చెప్పాము, తరువాత సరిదిద్దుకున్నాము. ఆ గ్రహణంలో కనబడిన పసుపు గీతను చూసినవాళ్ళు సోడియం గీత అనుకున్నారు. అది సోడియం కాదని తేల్చి హీలియం పేరు పెట్టిన ఘనత లాకియర్ వైపు వారిది. భూమి మీద ఆ వాయువు 1895లో గాని రామ్సేకు దొరకలేదు. గుంటూరుకు నిజంగా చెందిన గొప్ప సంగతి ఆ మర్నాటి పొద్దున చూసిన చూపు. అది చాలదా?

మా తమ్ముడు ఈ కథంతా విని, "అంటే కాకినాడ పోస్టుకన్నా ముందు తనే పోయుండాల్సింది" అన్నాడు. మా అమ్మాయి నవ్వింది. పోస్టు మాట ఆ తరువాత రాలేదు.

ఈసారి మా మరదలు అడిగింది. "అది కాదు పెద్దోళ్ళు అంతమంది ఉంటే, చదువుకునే పిల్లల్ని మాట్లాడనిస్తారా?"

అప్పుడు ఆ అమ్మాయి చెప్పిన సంగతి మాకు కూడా అంత వివరంగా తెలియదు. కొట్టాయం దగ్గర పల్లంలో ఒక సిరియన్ క్రైస్తవ కుటుంబంలో పుట్టి, మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చదివిన జార్జ్ సుదర్శన్, అమెరికాలో రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో మార్షాక్ అనే ఆచార్యుని కింద పరిశోధన విద్యార్థిగా చేరాడు. పరమాణువు లోపల జరిగే కొన్ని మార్పులకు కారణమయ్యే బలహీన శక్తి ఏ రూపంలో ఉంటుందో అప్పట్లో ఎవరికీ అంతు చిక్కలేదు. ప్రయోగాలు ఒకదానితో ఒకటి పొసగలేదు. సుదర్శన్ అన్నింటినీ జల్లెడ పట్టి, శక్తి రూపం ఇదీ అని తేల్చాడు. ఆ లెక్క నిలబడాలంటే అప్పటికి పేరున్న నాలుగు ప్రయోగాలు తప్పయి ఉండాలి. అంత ధైర్యం ఇరవై ఐదేళ్ళ విద్యార్థిది!

1957 ఏప్రిల్‌లో ఆ రోచెస్టర్‌లోనే ఏడవ అంతర్జాతీయ సమావేశం జరిగింది. లోకంలోని పెద్ద భౌతికశాస్త్రవేత్తలందరూ వచ్చారు. సుదర్శన్ సొంత విశ్వవిద్యాలయం, సొంత ఊరు లాంటిది. కాని విద్యార్థి గనుక మాట్లాడే అవకాశం దొరకలేదు. మార్షాక్‌కు వేరే అంశం మీద ప్రసంగం ఉన్నది గనుక ఆయనా చెప్పలేదు. ఇంకొకరు ప్రస్తావిస్తారని అనుకుంటే వారూ ప్రస్తావించలేదు. సభ ముగిసింది, అందరూ వెళ్ళిపోయారు. ఆ సెప్టెంబరులో ఇటలీలో జరిగిన సభలో మార్షాక్ దానిని చెప్పాడు. కాని 1958 మొదట్లో ఫైన్మన్, గెల్-మాన్ అనే ఇద్దరు ప్రసిద్ధుల వ్యాసం అదే అంశం మీద పేరున్న పత్రికలో వచ్చేసరికి లోకం వారి పేర్లనే ముందు తలచింది. ఆ నాలుగు ప్రయోగాలు తప్పేనని తరువాత తేలింది. అసలు కనుగొన్నది సుదర్శన్, మార్షాక్‌లేనని, తామిద్దరం ప్రచారం చేశామని 1963లో ఫైన్మన్ తానే ఒప్పుకున్నాడు. సుదర్శన్ 2018లో టెక్సాస్‌లో కన్నుమూశాడు. నోబెల్ బహుమానం రాలేదు.

"ఆ రోచెస్టర్ సమావేశమే ఇప్పటికీ రెండేళ్ళకొకసారి దేశదేశాల్లో జరుగుతున్నదమ్మా. ఈ జూలైలో జరిగేది నలభై రెండవది, ప్రాగ్ నగరంలో. ఇప్పుడు మాలాంటి వాళ్ళనే మాట్లాడమంటున్నారు. నా పేరు ఖాయమైతే నేను మాట్లాడాలి" అన్నది ఆ అమ్మాయి. మా మరదలు ఏమీ అనకుండా లేచి పోయి టీ పెట్టింది.

ఆ రాత్రి ఎనిమిదిన్నరకు ఆ అమ్మాయికి తన బృందంతో సమావేశం. చికాగో వైపు అప్పుడు పొద్దున పది గంటలు. ఇంట్లో సిగ్నలు సరిగా రాదు గనుక డాబా మీదికి ఎక్కింది. మేమూ చాప పట్టుకొని వెళ్ళి, వెలుతురులో పడకుండా ఒక మూల కూర్చున్నాము. కింద కల్లంలో కాయ కుప్పవేసి పట్టా కప్పారు. గాలి అటు నుండే వీస్తున్నది. మా అమ్మాయి రెండు మాటలు మాట్లాడేసరికి దగ్గు. మళ్ళీ మొదలుపెడుతుంది, మళ్ళీ దగ్గు. అవతల ఎవరో ఒంట్లో బాగా లేదా అని అడిగారు. ఇంటి ముందర మిరపకాయలు ఆరబోశారని చెబితే కాసేపు అందరూ నవ్వుకున్నారు.

నవ్వు అంతటితో సరి. ఆ తరువాత గంటసేపు ఒక్కరు కూడా బాగున్నదన్న మాట అనలేదు. ఈ గీత ఇక్కడెందుకు వంగింది, ఈ పొరపాటు అంచనా ఎట్లా వేశావు, ఇది మెరుపేనా, ఆకాశం నుండి పడిన ఇంకో కణమా అని ఒకరి తరువాత ఒకరు అడిగారు. ఒక ప్రశ్న దగ్గర ఆ అమ్మాయి ఆగిపోయింది. సరిచూసి రెండు వారాల్లో చెబుతానన్నది. గొంతు వణకలేదు గాని, కాగితం మీద ఆ ప్రశ్న రాసుకుంటున్న చేయి వణకడం మేము చూశాము.

"పండగపూట పిల్లను అంతమంది కలిసి నిలదీస్తారేంది?" అని మా మరదలు మెట్ల మీద నుండే కోపగించుకున్నది. అక్కడ పరాయివాళ్ళ ముందు తప్పు బయటపడేకన్నా ఇక్కడ బయటపడితే మేలని ఆ అమ్మాయి తల్లికి నచ్చజెప్పింది. మేము బడిలో ఎన్నో ప్రసంగపోటీలకు పిల్లలను తయారుచేశాము. చప్పట్లు కొట్టడం నేర్పాము గాని, ఇట్లా ప్రశ్నించడం నేర్పలేదని ఆ రాత్రి పడుకున్నాక మేమిద్దరం అనుకున్నాము.

మర్నాడు టీ తాగుతూ ఆ అమ్మాయి కోలారు సంగతి చెప్పింది. మన కుప్పానికి ఆవల, తెలుగు మాట్లాడేవాళ్ళు ఎందరో ఉన్న కోలారు బంగారు గనుల్లో, 2,300 మీటర్ల లోతున, టాటా సంస్థ శాస్త్రవేత్తలు జపాను, ఇంగ్లండు వారితో కలిసి 1965లో న్యూట్రినోల జాడ పట్టారు. కాస్మిక్ కిరణాలు మన గాలిలో పుట్టించిన న్యూట్రినోలవి. దక్షిణాఫ్రికా గనిలో కూడా అదే సమయంలో అదే వెతుకులాట జరిగింది. వాళ్ళకు జాడ ముందే తగిలింది గాని, మన వాళ్ళ వ్యాసం ఆగస్టు 15న, వాళ్ళది ఆగస్టు 30న అచ్చయ్యాయి. ఆ వ్యాసం రాసినవారిలో పి.వి. రమణమూర్తి గారి పేరు కూడా ఉన్నది. జాన్సెన్‌కు ఓడ ఆలస్యమైతే వీరికి పదిహేను రోజులు కలిసివచ్చాయి. ఆ గనులు 2001లో మూతపడ్డాయి.

మే నెలలో ఆ అమ్మాయి పేరు ఖాయమైంది. విమానం, వీసా, సభ రుసుము ముందు చేతి నుండి పెట్టుకోవాలి, రసీదులు చూపిస్తే తరువాత ఇస్తారు. మేము కొంత సర్దుతామన్నాము. మా తమ్ముడు వద్దన్నాడు. ధర వస్తుందని దాచిన సరుకులో నుండి ఇరవై టిక్కీలు అమ్మేశాడు. మాతో ఒక్క మాటైనా అనలేదు. మాకు యార్డులో గుమాస్తాగా ఉన్న పాత శిష్యుడి ద్వారా తెలిసింది. పాస్‌పోర్టు వీసా ముద్రతో తిరిగి రావడానికి మరీ ఆలస్యమైంది. ప్రయాణానికి నాలుగు రోజుల ముందు చేతికి వచ్చింది. ఆ నాలుగు వారాలు మా మరదలు సరిగా అన్నం తినలేదు. వెళ్ళవద్దని మొదట పోరిన మనిషే ఆమె!

జూన్‌లో మిలాన్‌లో జరిగిన న్యూట్రినో సభలో నోవా వారు పదేళ్ళ లెక్క బయటపెట్టారు. ఆ రాత్రే అమ్మాయి తండ్రికి ఫోను చేసింది. న్యూట్రినోల పుంజంలో ఒక రకంగా బయలుదేరి ఇంకో రకంగా మారి వచ్చినట్టు కనబడినవి 181. "వందా ఎనభై ఒకటా? పదేళ్ళకా?" అన్నాడట మా తమ్ముడు. తరువాత మాకు ఫోను చేసి, "ఏరడం కష్టమే అన్నయ్యా" అన్నాడు. కల్లంలో తాలు కాయలు ఏరించేవాడికి ఆ మాట విడమర్చి చెప్పనక్కర లేకపోయింది.

జూలైలో ప్రాగ్‌లో ఆ అమ్మాయి వంతు మధ్యాహ్నం వచ్చింది. మనకు వాళ్ళకన్నా మూడున్నర గంటలు ముందు. వాన పడి నేల పదునెక్కడంతో మా తమ్ముడు చేలో పత్తి గింజలు పెట్టిస్తున్నాడు. మేము గుంటూరులో గడియారం చూస్తూ కూర్చున్నాము. పొద్దుగూకేవేళకు ఫోను వచ్చింది. ప్రశ్నలతో కలిపి పావుగంటకు అటూ ఇటూగా అయిపోయిందట. గదిలో అరవైమంది దాకా ఉన్నారట. ఒక పెద్దాయన చేయి ఎత్తి ప్రశ్న వేశాడట. సరిగ్గా ఈస్టరు రాత్రి డాబా మీద జవాబు చెప్పలేక కాగితం మీద రాసుకున్న ప్రశ్నే. ఈసారి జవాబు సిద్ధంగా ఉన్నది.

"దగ్గు రాలేదు గదా?" అని మా మరదలు అడిగింది.

రసీదుల డబ్బు నవంబరులో వచ్చింది. అమ్మాయి మొత్తం తండ్రికి పంపింది. అది మిరప కూలీలకు, పురుగుమందుకు సరిపోయింది. ఆ ఇరవై టిక్కీలు ఏ ధరకు పోయాయో మా తమ్ముడు తన కూతురికి ఇంతవరకు చెప్పలేదు.